కోనసీమ ఇంటి రాగి కుడుక: ఒక పాత వస్తువు నిర్ధారణ వివరాలు

ఈ పరిశీలనకు వచ్చిన వస్తువు ఒక చిన్న రాగి గిన్నె. అంచు దగ్గర దాని వ్యాసం 11.4 సెంటీమీటర్లు, లోతు 5.6 సెంటీమీటర్లు, బరువు 138 గ్రాములు. కొబ్బరికాయను సమంగా రెండు చెక్కలు చేస్తే ఒక చెక్క ఎలా ఉంటుందో ఆకారం దాదాపు అలాగే ఉంది. అడుగున మట్టు లేదు కనుక నేల మీద పెడితే ఒక పక్కకు ఒరుగుతుంది. పట్టుకోవడానికి చెవులు లేవు, వేలాడదీయడానికి కొక్కెం గాని కడియం గాని లేదు. అడుగు మధ్యలో గుండుసూది దూరేంత సన్నని రంధ్రం ఒకటి ఉంది. పైఅంచు కింద చుక్కలతో కొట్టిన కొన్ని తెలుగు అక్షరాలున్నాయి. బయటి ముఖమంతా ముదురు గోధుమ రంగుకు తిరిగి, అక్కడక్కడ పసుపూ కుంకుమా పొరలు పొరలుగా ఎండి అంటుకుపోయి ఉన్నాయి.

దీన్ని తెచ్చినది కోనసీమలోని ఒక అగ్రహారానికి చెందిన కుటుంబం. ముందు తరాలలో ఆ ఇంటివారు సిద్ధాంతులుగా చుట్టుపక్కల ఊళ్ళకు ముహూర్తాలు పెట్టేవారు. ఇప్పటి తరంలో ఆ వృత్తి లేదు. పాత ఇల్లు విప్పేటప్పుడు రాగి, ఇత్తడి సామాను అన్నదమ్ములు పంచుకోగా, చిల్లు ఉన్న కారణంగా ఈ గిన్నెను ఎవరూ తమ వంతులో వేసుకోలేదు. పాత సామాను కొనేవాడికి తూకానికి వేద్దామని ఒకరు, మాటు వేయించి పూజకు వాడుకుందామని ఒకరు అన్నారు. అమెరికాలో స్థిరపడిన మనుమడు మాత్రం ఇది ఏమిటో తెలిసే వరకు ఆగమని చెప్పి, పాత లోహ వస్తువుల పరిశీలన, భద్రత పనిలో ఉన్న నా దగ్గరకు పంపించాడు. ఆయన అడిగినవి మూడు ప్రశ్నలు: ఇది ఏ వస్తువు, ఎంత పాతది, తనతో తీసుకువెళ్ళవచ్చునా.

రంధ్రానికి మాటు వేయడమే జరిగి ఉంటే మొదటి ప్రశ్నకు జవాబు ఎప్పటికీ దొరికేది కాదు. అందువల్ల ఈ కేసు వివరాలను కాస్త విస్తారంగానే రాస్తున్నాను. ఇలాంటి గిన్నెలు గోదావరి, కృష్ణా తీరాల్లోని పాత ఇళ్ళలో ఇంకా కొన్నైనా అటకల మీద ఉండే ఉంటాయని నా నమ్మకం.

ఇంటివారు చెప్పినది

వస్తువును ముట్టుకునే ముందు దాన్ని వాడినవారిని, కనీసం వాడగా చూసినవారిని అడగడం ఈ పనిలో తొలి మెట్టు. ఆ ఇంటి పెద్దావిడ 1950ల్లో కోడలిగా వచ్చారు. ఆమె చెప్పిన మాటలు ఇవి: “పెళ్ళిళ్ళప్పుడు పందిట్లోకి తెచ్చేవాళ్ళమండి. పళ్ళెంలో బియ్యం పోసి, పసుపు రాసి, బొట్టు పెట్టి అందులో ఉంచేవారు. ఎందుకో మాకెవరూ చెప్పలేదు. మా అత్తగారు మాత్రం దాన్ని బోర్లించనిచ్చేవారు కాదు. తోమడానికి కూడా పనివాళ్ళ చేతికి ఇవ్వొద్దనేవారు.” ఆ అత్తగారు కాపురానికి వచ్చేనాటికే గిన్నె ఇంట్లో ఉందని కూడా ఆవిడకు తెలుసు. పెళ్ళికి తప్ప మరే పూజకూ, వ్రతానికీ, తద్దినానికీ దాన్ని తీయగా ఆవిడ చూడలేదు.

ఈ మాటలను నేను చాలా విలువైన సాక్ష్యంగా తీసుకున్నాను. పని ఆగిపోయిన తరువాత కూడా ఆచారం రెండు మూడు తరాలు నిలుస్తుంది. ఎందుకు చేస్తున్నారో తెలియకుండానే ఒక వస్తువును సరైన సమయానికి, సరైన చోటికి తెస్తూనే ఉంటారు. పెళ్ళి పందిరి, ముహూర్తాలు పెట్టే ఇల్లు, బోర్లించకూడదన్న నియమం, అడుగున సన్నని రంధ్రం అనే నాలుగింటినీ పక్కపక్కన పెట్టగానే గడియకుడుక అన్న ఊహ నాకు కలిగింది. పూర్వం కాలం కొలవడానికి నీళ్ళ మీద వదిలే చిల్లి గిన్నె అది. శాస్త్ర గ్రంథాలలో దాన్నే ఘటికాయంత్రమని, కపాలయంత్రమని అన్నారు. అయితే మొదటి ఊహ మనసుకు నచ్చినప్పుడే మిగిలిన అవకాశాలను ఎక్కువ శ్రద్ధగా పరీక్షించవలసి ఉంటుంది.

కాగలిగినవి, కాలేనివి

వంటపాత్ర అనుకోవడానికి వీలులేదు. మన ఇళ్ళలో వండడానికి, పులుపు తగిలే పదార్థాలు ఉంచడానికి వాడే రాగి గిన్నెలకు లోపల కళాయి పూయించేవారు. దీని లోపలి ముఖం మీద ఎక్కడా తగరం జాడ లేదు, బయట మసి పట్టిన గుర్తూ లేదు. త్రాసు తట్ట అయితే గొలుసులు తగిలించడానికి అంచున మూడు నాలుగు రంధ్రాలుండాలి. దీని అంచు చుట్టూ నిండుగా ఉంది. సోల, తవ్వ, గిద్ద వంటి కొలపాత్రలు సాధారణంగా నిటారు గోడలతో, చదునైన అడుగుతో ఉంటాయి. పైగా చిల్లు ఉన్న కొలపాత్ర ఎవరికీ పనికిరాదు.

తుప్పు వల్ల పడిన చిల్లు కావచ్చునన్న అనుమానాన్ని సూక్ష్మదర్శిని తీర్చింది. రాగికి చిలుము పట్టి చిల్లు పడినప్పుడు చుట్టూ గుంటలు గుంటలుగా తినేసిన అంచు, పక్కన మరికొన్ని సగం దిగిన గుంటలు కనిపిస్తాయి. ఇక్కడ రంధ్రం చుట్టూ లోహం మిగిలిన గోడ కంటే కాస్త మందంగానే ఉంది. రంధ్రం దాదాపు గుండ్రంగా, గిన్నె అడుగుకు సరిగ్గా నడుమన ఉంది. లోపలి వైపు అంచు మీద, సూది వంటిది పెట్టి అనేకసార్లు తిప్పితే ఏర్పడే సన్నని వలయాకారపు గీతలు స్పష్టంగా కనిపించాయి. అంటే ఎవరో ఈ రంధ్రాన్ని కావాలని చేశారు, ఆ తరువాత పూడిపోకుండా పదే పదే శుభ్రం చేశారు. పగుళ్ళకూ చిల్లులకూ ఎవరూ అలాంటి సేవ చేయరు.

కాస్త కష్టపెట్టినది శివాభిషేకానికి వాడే ధారాపాత్ర. అది కూడా రాగిదే, దానికీ అడుగున రంధ్రం ఉంటుంది, ఈ ఇంట్లో శివపూజ ఉండేది. పైగా ఈ గిన్నెను నీళ్ళతో నింపి పైన పట్టుకుంటే సన్నని ధార పడుతుంది కూడా. కనుక ఆకారాన్ని బట్టి, రంధ్రాన్ని బట్టి మాత్రమే దీన్ని తోసిపుచ్చలేము. నేను తోసిపుచ్చడానికి మొదటి కారణం వేలాడదీసే ఏర్పాటు లేకపోవడం, ఏదైనా ముక్కాలి పీట మీద ఆనించిన ఒరిపిడి గీతలు కూడా గోడ చుట్టూ లేకపోవడం. రెండవది నీటి మరకలు. ధారాపాత్రలో నీళ్ళు లోపలే నిలుస్తాయి గనుక ఉప్పునీటి తెల్లపొర లోపల పేరుకుంటుంది, బయట రంధ్రం చుట్టూ మాత్రమే కొద్దిగా ఉంటుంది. దీనికి లోపలా బయటా, అడుగు నుంచి అంచు దాకా ఒకే తీరున పలుచని పొర ఉంది. పసుపు కుంకుమలు ఆ పొరకు పైన పడ్డాయి. అంటే గిన్నె మొత్తంగా నీటిలో మునిగి తేలిన రోజులు ముందు, బియ్యం మీద కూర్చున్న రోజులు తరువాత. మూడవది నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది: అడుగు వెలుపలి వైపు, రంధ్రానికి ఒక అంగుళం దూరంలో చుట్టూతా కనిపించే చిన్న చిన్న నొక్కులు. సుత్తి దెబ్బల ఆనవాళ్ళు గోడ పొడవునా పెద్దవిగా, వరుసగా ఉండగా, ఇవి చాలా చిన్నవి, ఒక పద్ధతి లేకుండా పడినవి. నీళ్ళు నిండి మునిగిన గిన్నె గంగాళం అడుగుకు పోయి తగిలినప్పుడల్లా అక్కడే దెబ్బ తింటుంది. ఆ ఇంట్లో వెడల్పు మూతి గంగాళం ఒకటి ఉండేదని, దాన్ని ఎప్పుడో మార్చేశారని పెద్దావిడ తరువాత చెప్పారు.

నీటి మీద పరీక్ష

ఇంతవరకు చెప్పినదంతా ఊహకు బలమిచ్చేదే గాని నిరూపించేది కాదు. గడియకుడుకకు తిరుగులేని పరీక్ష ఒకటే ఉంది: నీళ్ళ మీద పెట్టి ఎంతసేపటికి మునుగుతుందో చూడటం. ఒక గడియకు 24 నిమిషాలు, ఒక పగలూ రాత్రీ కలిపి 60 గడియలు. ఒక గడియకు 60 విగడియలు, అంటే విగడియకు 24 సెకన్లు. ఏడున్నర గడియలు ఒక జాము. గిన్నె 24 నిమిషాలకు దరిదాపుల్లో మునిగితే అది గడియకుడుక. మూడు నిమిషాలకో గంటన్నరకో మునిగితే కాదు.

పరీక్షకు ముందు శుభ్రం చేయడంలో చాలా జాగ్రత్త అవసరమైంది. చింతపండు, నిమ్మచెక్క, తళతళలాడించే పొడులు ఏవీ తగలనివ్వలేదు. పులుపు రాగిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఈ వస్తువు విషయంలో రంధ్రం చుట్టూ కరిగే ఒక్కొక్క పొరా దాని కొలతను మార్చేస్తుంది. కనుక డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రంధ్రంలో గట్టిపడిన పసుపు ముద్దను వెదురు పుల్లతో నెమ్మదిగా కదిపి తీశాను. లోహపు సూది వాడలేదు. రంధ్రం కొలవడానికి మాత్రం మందం తెలిసిన సన్నని తీగలను ఒత్తిడి లేకుండా దూర్చి చూశాను: 0.7 మిల్లీమీటర్ల తీగ సులువుగా వెళ్ళింది, 0.8 మిల్లీమీటర్లది ఆగిపోయింది.

వెడల్పాటి స్టీలు బేసిన్‌లో గిన్నె లోతుకు మూడింతలు వడగట్టిన నీళ్ళు పోసి, దెబ్బ తగలకుండా అడుగున మెత్తని గుడ్డ పరిచి, గాలి తగలని గదిలో, నీటి ఉష్ణోగ్రత 27 డిగ్రీలుండగా గిన్నెను రెండు చేతులతో నీటి మీద వదిలాను. వదిలిన వెంటనే గిన్నె మూడు సెంటీమీటర్ల లోతు వరకు దిగి నిలిచింది. రంధ్రంలోంచి దారమంత ఊట లోపలికి చిమ్మి, కాసేపటికి తన నీటిలోనే తాను మునిగిపోయింది. ఆ తరువాత పైకి కనిపించే మార్పు ఏమీ ఉండదు. లోపలి నీటిమట్టం పెరుగుతూ ఉంటుంది, అంచు నీటికి దగ్గరవుతూ ఉంటుంది. చివరి నిమిషంలో అంచు చుట్టూ నీరు ఒక వెంట్రుకవాసి పైకి ఉబికి, లోపలికి పొర్లకుండా ఆగి నిలుస్తుంది. ఒక చోట ఆ పట్టు తెగగానే నీళ్ళన్నీ ఒక్కసారిగా లోపలికి దూకి గిన్నె బుడుంగుమని మునిగిపోతుంది. ఆ చప్పుడు పక్క గదిలోకి వినిపించేంతగా ఉంది. కళ్ళు అప్పగించి కూర్చున్నవాడు ఒక క్షణం ఏమరుపాటుగా ఉన్నా గడియ నిండిన సంగతి చెవికి తెలుస్తుందన్నమాట.

పసుపు తీయక ముందు 27 నిమిషాలు పట్టిన మునక, తీసిన తరువాత ఇరవై రెండున్నర నిమిషాలకు వచ్చి స్థిరపడింది. మళ్ళీ మళ్ళీ వదిలి చూసినా కొన్ని సెకన్ల తేడా తప్ప మారలేదు. చల్లని నీటిలో అర నిమిషం దాకా ఎక్కువ పట్టింది. చల్లబడిన నీరు చిక్కబడి సన్నని రంధ్రంలో నెమ్మదిగా పారడమే దానికి కారణం.

ఇరవై రెండున్నరకూ ఇరవై నాలుగుకూ మధ్య ఒకటిన్నర నిమిషాల తేడాను ఎలా చూడాలి? ముందుగా, ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం కాదన్నది గమనించాలి. రంధ్రం మునక కాలాన్ని ఎంత తీవ్రంగా శాసిస్తుందంటే, ఇదే గిన్నెకు 1 మిల్లీమీటరు రంధ్రం ఉంటే 13 నిమిషాలలోపే మునిగేది, అర మిల్లీమీటరు ఉంటే 50 నిమిషాలు పట్టేది. కంటికి ఆ మూడు రంధ్రాలూ ఒకేలా కనిపిస్తాయి. ఏదో అవసరానికి ఎవరో పొడిచిన చిల్లు గడియకు ఇంత చేరువలో పడటం జరిగే పని కాదు. ఇక మిగిలిన తేడాకు అరుగుదల చాలు. రంధ్రం వ్యాసం మిల్లీమీటరులో సుమారు 40వ వంతు పెరిగితే 24 నిమిషాల గిన్నె ఇరవై రెండున్నర నిమిషాల గిన్నె అవుతుంది. లోపలి అంచు మీద కనిపించిన సూది గీతలే ఆ అరుగుదలకు ఆధారం.

గ్రంథాలు చెప్పే గిన్నె, మన ముందున్న గిన్నె

సూర్యసిద్ధాంతం ఈ యంత్రాన్ని క్లుప్తంగా వర్ణిస్తుంది: అడుగున రంధ్రం గల రాగి పాత్ర, నిర్మలమైన నీళ్ళున్న కుండలో ఉంచితే పగలూ రాత్రీ కలిపి 60 సార్లు మునిగేది. మరికొన్ని గ్రంథాలు కొలతలు కూడా ఇచ్చాయి: పది పలాల రాగి, పన్నెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు, నిర్ణీత బరువు గల బంగారంతో నాలుగంగుళాల పొడవు సూది చేసి దానితో పొడిచిన రంధ్రం. అక్కడి అంగుళం వేలి వెడల్పు కొలత, ఇప్పటి అంగుళంలో సుమారు ముప్పాతిక. ఆ లెక్కన గ్రంథాల గిన్నె దాదాపు 9 అంగుళాల వెడల్పుండాలి. మన గిన్నె అందులో సగమే.

ఈ తేడాను చూసి కొందరు దీన్ని గడియకుడుక కాదనవచ్చు. ఆ అభ్యంతరానికి 12వ శతాబ్దంలోనే భాస్కరాచార్యుడు సమాధానం చెప్పి ఉంచాడు. బంగారు సూది కొలతలను ఆయన పట్టించుకోలేదు. కుండలో సగంలాగా ఉండి అడుగున రంధ్రం ఉన్న రాగి గిన్నె ఏదైనా తీసుకోండి, ఒక అహోరాత్రంలో అది ఎన్నిసార్లు మునుగుతుందో లెక్కపెట్టండి, అహోరాత్రాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే ఒక మునక ఎంతో తెలుస్తుంది అన్నాడు. పనిముట్టును చేతిలో పట్టుకున్నవాడి మాట అది. కంచరి రాగి రేకును ఎంత జాగ్రత్తగా సాగగొట్టినా ఏ రెండు గిన్నెలూ ఒక్కలా మునగవు. కనుక ముందు చేసి, తరువాత నీళ్ళ మీద పరీక్షించి, రంధ్రాన్ని పిసరంత పెంచుతూ గడియకు సరిపెట్టడమే అసలు పద్ధతి అయి ఉంటుంది. రంధ్రం చిన్నదిగా మొదలుపెడితే పెంచుకోవచ్చు, పెద్దదైతే తగ్గించుకోలేరు.

భాస్కరుడి సూత్రాన్ని మన గిన్నెకు వర్తింపజేస్తే అహోరాత్రానికి 64 మునకలు వస్తాయి. ఇప్పటి స్థితిలో కూడా ఆ లెక్క తెలిసినవారు దీన్ని నిక్షేపంగా వాడుకోవచ్చు. తెలియకుండా ప్రతి మునకనూ ఒక గడియగా లెక్కవేస్తే మాత్రం, సూర్యోదయం నుంచి రాత్రి పెళ్ళి ముహూర్తం దాకా సుమారు 35 గడియలు గడిచేసరికి దాదాపు 50 నిమిషాల తేడా పేరుకుంటుంది. నేలలో నిటారుగా పాతిన శంకువు అనే కొయ్య నీడ చూసి పగటి కాలాన్ని సరిచూసుకునే సిద్ధాంతికి అంత తేడా తెలియకుండా పోదు. రంధ్రం ఇంతగా అరిగింది వాడుక చివరి దశలో అని నేను భావించడానికి ఇదే కారణం.

ముహూర్తానికీ ఈ గిన్నెకూ ఉన్న ముడిని చెప్పే కథ ఒకటి తెలుగువారికి బాగా పరిచయమే. భాస్కరాచార్యుడు కూతురు లీలావతి పెళ్ళికి గిన్నెను నీళ్ళ మీద ఉంచితే, ఆ పిల్ల వంగి చూసినప్పుడు నగలోని ముత్యం జారి రంధ్రానికి అడ్డుపడి, గిన్నె మునగక ముహూర్తం దాటిపోయిందంటారు. ఈ కథ భాస్కరుడి ‘లీలావతి’ గణిత గ్రంథానికి అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో చేసిన పారసీక అనువాదం ముందుమాటలో కనిపిస్తుంది. భాస్కరుడి సొంత రచనల్లో లేదు. చరిత్రగా దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. పెళ్ళిలో గిన్నె ఎక్కడ ఉండేదో ఆనాటి వినేవారికి విడమరచి చెప్పవలసిన పని లేకపోయిందన్న సంగతిని మాత్రం తీసుకుంటాను. అదే శతాబ్దంలో బాబరు కూడా తన స్వీయచరిత్రలో హిందుస్థానంలోని ఊళ్ళలో గడియాలీలు నీటి గిన్నెతో కాలం కొలిచి కంచు పలక మీద గంట కొట్టే పద్ధతిని వివరంగా రాసుకున్నాడు. ఇరాన్‌లో ఖనాత్ అనే భూగర్భ కాలువల నీళ్ళను రైతులు వంతులు వేసుకోవడానికి ఇలాంటి గిన్నెనే వాడారు. పని ఎక్కడైనా ఒకటే. మన ఇళ్ళలో అది లగ్నానికి కట్టుబడింది.

కాలనిర్ణయం

అంచు కింద ఉన్న అక్షరాలు చుక్కలు చుక్కలుగా కొట్టినవి. పాత్రల మీద పేర్లు కొట్టించే అలవాటు మనకు పాతదే. ఇక్కడ ఇంటిపేరు, వ్యక్తి పేరు సూచించే రెండు పొడి అక్షరాలు, ‘తారణ’ అన్న మాట, ఆ పక్కన ‘తు’ అన్న అక్షరంతో తెలుగు అంకెల్లో 12 ఉన్నాయి. ‘తు’ తులాలకు సంక్షిప్తం. తులం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, 12 తులాలు 140 గ్రాములు. ఇప్పటి బరువు 138. రెండు గ్రాములు తోముడుకూ అరుగుదలకూ పోయాయనుకుంటే లెక్క చక్కగా కుదురుతుంది. గిన్నె ముక్క పోగొట్టుకోలేదని, తరువాత ఎవరూ అతుకు వేయలేదని కూడా దీనివల్ల రూఢి అయింది.

తారణ 60 సంవత్సరాల చక్రంలోని పేరు. దగ్గరి కాలంలో అది 1824, 1884, 1944 ఉగాదులతో మొదలైంది. పెద్దావిడ అత్తగారు 1930కి ముందే కాపురానికి వచ్చారు, అప్పటికే గిన్నె ఉంది కనుక 1944ను వదిలేయవచ్చు. పొడి అక్షరాలు కుటుంబం దగ్గరున్న వంశవృక్షంలో 19వ శతాబ్దం రెండవ సగంలో జీవించిన ఒక సిద్ధాంతి పేరుతో సరిపోతున్నాయి. ఆయన తాతగారి పేరు అది కాదు కాబట్టి 1824 కూడా కుదరదు. కనుక 1884–85 అని నిర్ధారించాను. అయితే అది పేరు కొట్టించిన ఏడు. చుక్కలు సుత్తి ఆనవాళ్ళ మీదుగా, అప్పటికే కాస్త నునుపుదేరిన గోడ మీద పడ్డాయి కాబట్టి గిన్నె పుట్టుక అంతకు కొంత ముందరిదే కావాలి. అన్నదమ్ముల పంపకంలో వాటా వచ్చినప్పుడు తూకం వేయించి పేరు కొట్టించడం మన ఇళ్ళలో మామూలే.

ఈ ఇంట్లో గిన్నె వాడుక ఎప్పుడు ఆగిందన్నది ఆసక్తికరమైన విషయం. జేబు గడియారాలు 19వ శతాబ్దం చివరికే పట్టణాల్లో సంపన్నుల దగ్గర ఉన్నాయి. గడియారం ఉండగా గిన్నె ఎందుకన్న ప్రశ్న వస్తుంది. పంచాంగంలో తిథి, నక్షత్రం, లగ్నం ఆనాడు సూర్యోదయం నుంచి గడియల్లో, విగడియల్లో ఉండేవి. రైల్వేవారు మద్రాసు కాలాన్ని పాటించేవారు. అమలాపురం ప్రాంతం మద్రాసుకు తూర్పున సుమారు ఒకటిముప్పాతిక డిగ్రీల దూరంలో ఉంది గనుక స్థానిక కాలం మద్రాసు కాలం కంటే దాదాపు 7 నిమిషాలు ముందుంటుంది. ఏడు నిమిషాలంటే పదిహేడు విగడియలకు పైమాటే. విగడియలు లెక్కపెట్టి లగ్నం కట్టే సిద్ధాంతికి అది చిన్న తేడా కాదు. గిన్నెకు ఆ బాధ లేదు. ఊళ్ళో సూర్యబింబం కనిపించగానే నీళ్ళ మీద వదిలితే అది ఆ ఊరి కాలాన్నే, పంచాంగం వాడే కొలతలోనే చెబుతుంది. 1906లో భారత ప్రామాణిక కాలం వచ్చాక కోనసీమ అదృష్టవశాత్తూ ఆ రేఖకు చాలా దగ్గరగా పడింది. అమలాపురం 82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, ప్రామాణిక రేఖ 82.5 డిగ్రీల మీద ఉన్నాయి. తేడా 2 నిమిషాలే. ఆ తరువాత పంచాంగాల్లో గంటలూ నిమిషాలూ కూడా ఇవ్వడం, గోడ గడియారాలు ఇంటింటికీ రావడంతో గిన్నె నీళ్ళలోంచి బియ్యంలోకి మారిందని నా అభిప్రాయం. పెళ్ళి తంతును చెప్పే ప్రయోగ గ్రంథాల్లో ఈ యంత్రాన్ని పూజించి దంపతులకు మేలు చేయమని ప్రార్థించే విధి ఉంది. పెద్దావిడ చూసిన పసుపు కుంకుమలు ఆ పూజలో మిగిలిన భాగమే.

కుటుంబానికి ఇచ్చిన సలహా

1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందకు వస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. అక్షరాలే 1884 నాటివని తేల్చినప్పుడు మనుమడి మూడవ ప్రశ్నకు జవాబు ‘కుదరదు’ అనే చెప్పవలసి వచ్చింది. ఇంట్లో వాడిన మామూలు గిన్నే కదా, బట్టల మధ్య పెట్టుకుపోతే ఎవరు చూస్తారని అనుకునేవారుంటారు. ఆ పని చేయవద్దని ఆయనకు స్పష్టంగా రాశాను. ఆయన మారుమాట లేకుండా ఒప్పుకొని, కొలతలు తీసుకొని కొత్త నమూనా ఒకటి చేయించుకుంటానని చెప్పారు. అసలుది ఊళ్ళోనే ఉన్న పెద్దావిడ ఇంట ఉంటుంది.

భద్రత విషయంలో చెప్పినవి కొద్దే. రంధ్రానికి మాటు వేయించవద్దు, సూది గాని పిన్నీసు గాని దూర్చవద్దు. కళాయి పూయించవద్దు. పులుపుతో తోమవద్దు, పసుపు పొరలు వాడుక చరిత్రలో భాగం కనుక అవి అలాగే ఉండాలి. నీళ్ళ మీద ఎప్పుడైనా వదిలి చూడాలనుకుంటే వడగట్టిన నీళ్ళే వాడి, అడుగున గుడ్డ పరిచి, తరువాత పొడిగుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వాలి. అంచు మీద బరువు పడకుండా, మట్టు లేని అడుగు ఒరగకుండా, నూలు గుడ్డతో చుట్టిన చుట్టకుదురు మీద వెల్లకిలానే ఉంచాలి. పెళ్ళికి తేవడం మానవలసిన పని లేదు. వచ్చే పెళ్ళిలో బియ్యానికి బదులు నీళ్ళ గంగాళంలో వదలవచ్చునా అని పెద్దావిడ అడిగారు. వదలవచ్చునని, ఒక్కొక్క మునకను ఇరవై రెండున్నర నిమిషాలుగా లెక్కవేసుకోమని రాసి ఇచ్చాను.